నడిమధ్య గీత

నాగపూర్,
20 జనవరి 2008

అన్నా,

రేడియో బతికింది. ముందు ఈ మాట రాసి, తర్వాత మిగతా సంగతులు.

క్వార్టర్ మారేటప్పుడు హమాలీ నా పాత రిసీవర్‌ను మెట్ల మీంచి దొర్లించాడని అనంతమ్మ వదిన నీకు చెప్పే ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నువ్వు ఇబ్రహీంపట్నంలో హ్యామ్ సెట్టు మీద చుక్కలూ గీతలుగా మోర్సు కొడుతూ నన్ను పిలవడం, నేనిక్కడ చేతులు కట్టుకుని కూర్చోవడం. ఫోన్ చేద్దామంటే మనుషుల మాటలు నీకు ముద్దముద్దగా వినిపిస్తున్నాయాయె. వదిన మధ్యలో దుబాసీగా నిలబడి "నీ చెల్లె తిరుమల, నీ పానం ఎట్లున్నదని అడుగుతున్నది" అని నీ చెవిలో అరుస్తుంటే నాకే సిగ్గేస్తుంది. ఒక్క మోర్సు కూత మాత్రం ఒకే స్థాయిలో మోగుతుంది కాబట్టి నీ చెవికి ఇంకా అందుతోంది. అదైనా ఎన్నాళ్ళో చెప్పలేమని దవాఖానలో అన్నారట. అందుకే ఇంత తొందరపడ్డాను.

ఈసారి కట్టింది కంప్యూటరుతో నడిచే రేడియో. బల్ల మీద అరచేయంత బోర్డు, దాని నుంచి సౌండ్‌కార్డులోకి తీగలు, అంతే. మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌ది. సౌండ్‌కార్డు సెకనుకు తొంభై ఆరు వేల సార్లు సిగ్నల్‌ను తూచి చూస్తుంది. అందువల్ల బోర్డు ఏ ఫ్రీక్వెన్సీ మీద నిలబడితే అక్కడి నుంచి అటు నలభై ఎనిమిది కిలోహెర్ట్జులు, ఇటు నలభై ఎనిమిది ఒక్కసారే తెర మీద పరుచుకుంటాయి. నీలాగా డయల్ తిప్పుతూ ఒక్కొక్క గడపా తొక్కక్కర్లేదు, అంగడి మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. పైగా అంతా డిస్కులో రికార్డు చేసుకోవచ్చు. ఆదివారం నాకు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో డ్యూటీ పడినా నీ పిలుపు పోదు.

ఇందులో నీ కోసం ఒక విశేషం దాచాను. కాగితం మీద చెప్పను. నువ్వు పిలిచి నేను పలికిన రోజున మోర్సులోనే చెబుతాను. పెద్దవాళ్ళు పిలవాలి, చిన్నవాళ్ళు పలకాలి. అన్నం దగ్గర బాపు పెట్టిన ఆ రూలును రేడియోకు తగిలించింది నువ్వే కదా.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి కాచుకుని ఉంటాను.

నీ చెల్లె,
తిరుమల


ఇబ్రహీంపట్నం,
2 ఫిబ్రవరి 2008

చెల్లె తిరుమలకు,

అంగడంతా కనిపిస్తోందని రాశావు, ఆ అంగడిలో అన్న మాత్రం కనిపించలేదన్న మాట. 27న ఏడింటి నుంచి ఏడున్నర దాకా పిలిచాను. కొత్త కోడలు కదా నీ రేడియో, సిగ్గుపడిందేమో.

ఇంతకూ నీ బోర్డు సిగ్నల్ ఫ్రీక్వెన్సీని నేరుగా సున్నాకు దింపుతోందని నాకు అర్థమైంది. అది నాకు నచ్చలేదు. నా పాత రిసీవర్ పద్ధతి గల మనిషి. వచ్చిన సిగ్నల్‌ను ముందు నాలుగు వందల యాభై ఐదు కిలోహెర్ట్జుల దగ్గర కూర్చోబెట్టి, మంచిచెడులు చూసి, అప్పుడు లోపలికి రానిస్తుంది. ఆ నడిమి మజిలీనే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ అంటారని కాలేజీలో పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పి రిటైరయ్యాను. చెల్లెలే వినలేదు. సున్నా దగ్గర కరెంటు రొద, హమ్, కాపు కాసి ఉంటుంది, చూసుకో.

ఊళ్ళో మనుషులు కలిస్తే ఇప్పుడు యోగక్షేమాలు అడగడం లేదు, గజం ఎంత నడుస్తోందని అడుగుతున్నారు. బాయికాడి మన చెలక భూమి చుట్టూ వెంచర్లు పడ్డాయి. అటూ ఇటూ రాళ్ళు పాతాక మధ్యలో మనది ఒక్కటే మిగిలింది, ట్రాక్టరు పోను తొవ్వ లేదు. అమ్మేద్దామని అనుకున్నాను. నీకు ఇష్టమైతేనే. కాగితాలు వేరే కవర్లో పంపుతున్నాను, చదివి నీ మనసులో మాట రాయి. ఆ బాయిగడ్డ మీద కూర్చునే కదా, స్టీలు గ్లాసు మీద చెంచాతో నీకు మోర్సు నేర్పింది.

ఆదివారం పిలుస్తాను. పలకడం నీ వంతు.

అన్న,
దశరథ


నాగపూర్,
18 ఫిబ్రవరి 2008

అన్నా,

నువ్వు అన్నట్టే సున్నా దగ్గర హమ్ ఉంది. తెర నడిమధ్యన నిలువునా లావుపాటి గీత, చూడ్డానికే చికాకు. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో సన్నటి కోత పెట్టేశాను, గీత మాయమైంది. ఇంత బ్యాండులో వెంట్రుకవాసి పోతే పోయిందేముంది? కేరళ వాళ్ళు వినిపిస్తున్నారు, కొలంబో ఆయన దగ్గు కూడా వినిపించింది. నువ్వు మాత్రం లేవు. రెండు ఆదివారాలు చెవులు రిక్కించి కూర్చున్నాను. యాంటెన్నా తీగ ఓసారి చూసుకో, వేపచెట్టు కొమ్మ విరిగి తెంపిందేమో.

మరో పీడ పట్టుకుంది. ఆదివారం పొద్దున ఏడు కాగానే టిక్ టిక్ అని మోత మొదలై అరగంట సేపు బ్యాండంతా పాకుతుంది. పక్క క్వార్టర్ ఆవిడ అప్పుడే ఇస్త్రీ పెట్టుకుంటుందని నా అనుమానం. నీ సన్నటి కూత వింటానికి కూర్చుంటే ఇదొకటి. ఏం చేయమంటావు?

కాగితాల మీద సంతకం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. అప్పుడు డ్యూటీ తొందర, లోపల చీటీ కూడా పెట్టలేకపోయాను. నీకు ఏది మంచిదనిపిస్తే అదే నాకూ.

పిలుస్తావు కదూ?

తిరుమల


ఇబ్రహీంపట్నం,
9 మార్చి 2008

చెల్లె తిరుమలకు,

కాగితాలు అందాయి. కవరు దులిపి మరీ చూశాను, ఒక్క ముక్క లేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో 'నీకు ఏది మంచిదనిపిస్తే అదే' అన్నావు. ఆ మాట మన ఇంట్లో ఎవరు ఎప్పుడు అంటారో నాకు తెలియదా? అమ్మ బాపు మీద అలిగినప్పుడు అదే అనేది. ఇష్టం లేకపోతే లేదని రాయాల్సింది. ఇప్పుడేమనుకుని ఏం లాభం, రిజిస్ట్రేషన్ అయిపోయింది.

తీగ బాగానే ఉంది. అయినా నువ్వు అన్నావని తుర్కయాంజాల్‌లో ఉండే నా శిష్యుడు పరమేష్‌ను వినమన్నాను. తనూ హ్యామ్ లైసెన్సున్న వాడే. సాయంత్రం వచ్చి, నాకు అర్థమయ్యేట్టు మొహంలోకి మొహం పెట్టి చెప్పాడు. "సార్, మీ సిగ్నల్ మస్తుగొచ్చింది. జర గూడ తక్కువ లేదు." కొలంబో దగ్గు వినిపించే చోట నా పిలుపు వినిపించకపోవడం ఏమిటో నువ్వే చెప్పాలి.

టిక్ టిక్‌కు మందు ఉంది. నీ సాఫ్ట్‌వేర్‌లో బ్లాంకర్ అనే మీట ఉంటుంది. టిక్కు వచ్చిన ఆ క్షణాన్ని మింగేస్తుంది. నొక్కు, పీడ వదులుతుంది.

నీ వదిన మామిడికాయ తొక్కు పంపమంటావా అని అడుగుతోంది.

దశరథ


నాగపూర్,
30 మార్చి 2008

అన్నా,

బ్లాంకర్ నొక్కాను. ఇస్త్రీ పెట్టె నోరు మూతపడింది. ఇప్పుడు ఆదివారం పొద్దున నా రేడియోలో ఎంత నిశ్శబ్దమంటే, నువ్వు ఊపిరి పీల్చినా వినిపించాలి. వినిపించలేదు.

చెలక గురించి నాకు అలకేమీ లేదు. ఉంటే నీతో పోట్లాడనా? చిన్నప్పటి నుంచి పోట్లాటలో నేనెప్పుడైనా వెనక్కి తగ్గానా? నువ్వు అమ్మను గుర్తు చేసి నన్ను ఏడిపించావు.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. మొన్న వదినతో ఫోన్‌లో మాట్లాడాను. "మీ అన్న ఆయితారం పొద్దుగాల గదిల తలుపేసుకొని కూసుంటడు. లోపట ఏం జేస్తడో నాకేం ఎరుక తిరుమలా. బయటికొచ్చినంక ఎవ్వలితోని మాట్లాడడు" అంది. అన్నా, నీ చెవి పూర్తిగా పోయిందా? నేను పలికినా నీకు వినబడదని భయపడి, పిలవకుండానే పిలిచానని రాస్తున్నావా? పరమేష్ నీ మాట కాదనడు, నువ్వంటే వాడికి భక్తి. నా దగ్గర దాచాల్సిన పని లేదు. నేను నీ చెల్లెల్ని.

తొక్కు పంపమను.

తిరుమల


ఇబ్రహీంపట్నం,
12 ఏప్రిల్ 2008

తిరుమలకు,

నేను అబద్ధం రాశానని, నా శిష్యుడితో అబద్ధం చెప్పించానని రాశావు. చాలా సంతోషం.

కూత ఇంకా వినబడుతోంది. కుడి చెవిలో పూర్తిగా లేదు, ఎడమ చెవిలో సన్నగా ఉంది. హెడ్‌ఫోన్ ఒత్తి పట్టుకుంటే ఉంది. ఉన్నన్నాళ్ళు పిలుస్తాను. ఇక దీని గురించి రాయను.

తొక్కు పార్సిల్ చేశాం. సీసా పగలకుండా బట్ట చుట్టింది మీ వదిన.

దశరథ


నాగపూర్,
15 జూన్ 2008, ఆదివారం

అన్నా,

రెండు నెలలుగా నీ ఉత్తరం లేదు. తొక్కు అయిపోయింది, కోపం మాత్రం అయిపోలేదనుకుంటాను.

ఇవాళ బాపు రూలు తప్పాను. నిన్ను నేనే పిలిచాను. ఏడుంబావుకు మొదలుపెట్టి పది నిమిషాలు కొట్టాను. "అన్నా, నేను తిరుమలను, పలుకు" అని. ఎన్నాళ్ళకో మోర్సు కీ మీద చెయ్యి వేశాను. తర్వాత విన్నాను. తెర నిండా ఎవరెవరో ఉన్నారు, నువ్వు లేవు. చిన్నదాన్ని దిగివచ్చి పిలిచినా పలకలేనంత తప్పు నేనేం చేశాను? హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి గిన్నెలు తోముకున్నాను. మీ బావ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

ఇక పిలవను.

తిరుమల


ఇబ్రహీంపట్నం,
16 జూన్ 2008

తిరుమలకు,

నిన్న నువ్వు పిలిచావు.

మొదట నా చెవిలోని రొద అనుకున్నాను, ఈ మధ్య అది ఎక్కువైంది. తర్వాత నీ పేరు వచ్చింది. నీ చేతి ఒత్తు నాకు తెలియనిదా? 'మ' కొట్టేటప్పుడు రెండో గీతను ఇంకాస్త సాగదీస్తావు, చిన్నప్పటి అలవాటు. హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో ఒత్తి పట్టుకుని విన్నాను. నువ్వు ఆపగానే పలికాను. ముసలివాణ్ణి, ఎంత గట్టిగా కొట్టానో నాకే తెలియదు. పలుకుతూనే ఉన్నాను. నువ్వు మళ్ళీ రాలేదు.

సాయంత్రం పరమేష్ వచ్చాడు. "పొద్దుగాల ఏం కొట్టిన్రు సార్! మీ కీకాడ నిప్పురవ్వలు లేస్తున్నయా ఏంది, టిక్ టిక్ అని బ్యాండంత మీదే ఇనొచ్చింది. తిరుమలక్క దొరికిందా సార్?" అని అడిగాడు. దొరికిందని చెప్పాను. ఇన్నాళ్ళకు నిజంగానే అబద్ధమాడాను.

పిలవకపోయినా బాధ లేదు. పిలిచి, పలికిన తర్వాత మొహం తిప్పుకోవడం ఎక్కడ నేర్చుకున్నావు చెల్లె? చెలక మీద ఇంత కోపమా?

దశరథ


నాగపూర్,
24 జూన్ 2008

అన్నా, అన్నా,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎదురుపడి ఉంటాయి. ఇది చదివేటప్పుడు వదినను పక్కన కూర్చోబెట్టుకో.

పరమేష్ చెప్పిన టిక్ టిక్ దగ్గర ఆగిపోయాను. ఆదివారం ఏడింటికి మొదలై అరగంటకు ఆగే టిక్ టిక్. పక్కింటి ఇస్త్రీ కాదు. అది నువ్వు. జనవరి నుంచీ నువ్వే. నా చేత బ్లాంకర్ నొక్కించి నిన్ను నువ్వే మింగించుకున్నావు. కానీ మొదటి తప్పు నాది. విను.

నేను దాచిన విశేషం ఇది. మన ట్రాన్స్‌మిటర్లను ఒక ఫ్రీక్వెన్సీ మీద నిలబెట్టేందుకు నువ్వు కోఠిలో పాత సామాను కుప్పలో ఏరి తెచ్చిన జోడు క్రిస్టల్స్ గుర్తున్నాయి కదా? ఒకే ఫ్రీక్వెన్సీవి, ఒకటి నీకు, ఒకటి నాకు. ఇన్నాళ్ళూ నాది ట్రాన్స్‌మిటర్‌లో మాత్రమే ఉండేది. ఈసారి దాన్నే కొత్త రిసీవర్‌కు కూడా కలిపాను. అన్న ఇచ్చింది నా రేడియోకు నడిబొడ్డున ఉండాలని. నువ్వు పలికిన రోజున చెప్పి నిన్ను ఆనందపెట్టాలని దాచాను.

ఇంతకన్నా చెప్పక్కర్లేదు నీకు. నా రిసీవర్ తన క్రిస్టల్‌కూ వచ్చిన సిగ్నల్‌కూ ఉన్న తేడానే వినిపిస్తుంది. నీ క్రిస్టల్‌కూ నా క్రిస్టల్‌కూ తేడా లేదు. లోకంలో అందరూ నాకు అటో ఇటో వినిపించారు, నువ్వొక్కడివే సరిగ్గా సున్నా మీద పడ్డావు, ఆ హమ్ గీత కింద. ఆ గీతను నేను కోసేశాను. ఏ కొత్త క్రిస్టల్ పెట్టుకున్నా, నీ మాట విని నడిమి మజిలీ ఒకటి పెట్టుకున్నా, నిన్ను కాస్త పక్కన వినేదాన్ని. ఈ ఒక్క ముక్క మొదటి ఉత్తరంలో రాసి ఉంటే నువ్వు అక్కడి నుంచే 'పిచ్చిదానా' అని తిట్టేవాడివి.

రికార్డింగు ఆ కోతకు తర్వాతదే కానీ బ్లాంకర్‌కు ముందుది కాబట్టి 15వ తేదీది తెరిచి చూశాను. నీ కూత అందులో లేదు, దాన్ని తేలేను. కానీ దాని అంచులు ఉన్నాయి. నువ్వు కీ నొక్కినప్పుడు ఒక టిక్కు, వదిలినప్పుడు ఒక టిక్కు. రెండింటి మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. డ్యూటీకి సెలవు పెట్టి కూర్చుని ఒక్కొక్క అక్షరం రాసుకున్నాను.

"చెల్లె, వినొస్తున్నవ్. నీ చెయ్యి మారలే. ఆపకు. ఏదన్న కొట్టు. ఏమన్న కొట్టు, ఆపకు."

నేను అప్పుడు గిన్నెలు తోముతున్నాను అన్నా.

రాత్రి బండికి టికెట్ దొరకలేదు. శుక్రవారం బయలుదేరుతున్నాను. నేను వచ్చేదాకా చెవి జాగ్రత్త.

తిరుమల


ఇబ్రహీంపట్నం,
28 జులై 2008

చెల్లె తిరుమలకు,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నాకు చప్పుడు తేడా తెలియదు కానీ మీ వదిన మొహం చూస్తే తెలిసింది.

నువ్వు ఉత్తరం రాసిన వారంలోనే నాకు జ్వరం వచ్చిందనీ, అది తగ్గేసరికి ఎడమ చెవిలో ఉన్న సన్న కూత కూడా పోయిందనీ స్టేషన్‌లోనే వదిన నీకు చెప్పింది. నువ్వు నమ్మలేదు. ఇంటికి వచ్చి, సంచి కూడా దించకుండా, స్టీలు గ్లాసు తీసి చెంచాతో కొట్టావు. నేను నీ చెయ్యి చూసి చదివాను, 'క్షమించు' అని కొట్టావు. జవాబు చెప్పాను కాబట్టి వినబడిందేమోనని నీ కళ్ళలో ఆశ కనిపించింది. కాదు చెల్లె, చూశాను. చూడడం వేరు.

నీ తప్పేమీ లేదని రాయాలని మూడు కాగితాలు చింపాను. అది కూడా అబద్ధమే అవుతుంది. తప్పు ఉంది. నీలో కొంత, నాలో ఎక్కువ. రిసీవర్‌లో ఏ క్రిస్టల్ పెట్టావని ఒక్క మాట అడిగితే అయిపోయేది. నేను దాన్ని వదిలేసి, కవర్లో చీటీ ఎందుకు లేదని వెతుకుతూ కూర్చున్నాను. చెలక పోయిన బాధ నాది. దాన్ని నీ కోపం అనుకున్నాను. ఇప్పుడు ఆ బాయి పూడ్చారు. ప్లాట్ల మధ్య ఎక్కడుందో నాకే ఆనవాలు దొరకలేదు.

మిగతా ఆదివారాల రికార్డింగులు చదువుతానని పోతూ పోతూ అన్నావు. చదవకు. ఏప్రిల్‌లో నిన్ను తిట్టాను.

నా చెవి పోయింది కానీ చెయ్యి పోలేదు. కీ నొక్కితే వేలికి తెలుస్తుంది. మీటర్ ముల్లు కదిలితే తీగలోకి పోయిందని కంటికి తెలుస్తుంది. ఆగస్టు 10, ఆదివారం, ఏడింటికి పిలుస్తాను. నీ రిసీవర్‌లో క్రిస్టల్ మార్చు. నన్ను నడిమధ్యన పెట్టుకోకు, ఒక పదకొండు కిలోహెర్ట్జులు పక్కకు జరిపి విను. వినబడిందీ లేనిదీ ఉత్తరం రాయి. జవాబు కొట్టే శ్రమ పడకు, అది నాకు చేరదు.

కీకి నిప్పురవ్వలు రాకుండా పరమేష్ బాగు చేస్తానన్నాడు. వద్దన్నాను.

మీ అన్న,
దశరథ


నాగపూర్,
10 ఆగస్టు 2008, ఆదివారం

అన్నా,

వినబడ్డావు. తెర మీద నడిమి గీతకు పదకొండు కిలోహెర్ట్జుల అవతల, పొద్దున ఏడింటికి. సిగ్నల్ బలంగా ఉంది, స్పష్టంగా ఉంది, కూత నిలకడగా ఉంది. మన హ్యామ్ వాళ్ళ పద్ధతి ప్రకారం ముందు ఈ రిపోర్టు రాయాలి కాబట్టి రాశాను.

మొదటి అక్షరం దగ్గర నీ చెయ్యి కొంచెం తడబడింది. తర్వాత దారిలో పడింది. వేపచెట్టుకు కాకి గూడు పెట్టిందన్నావు. వదిన మోకాలి నొప్పికి నూనె రాస్తోందన్నావు. చివర ఒక్క ముక్క కొట్టావు, "ఉన్నవా చెల్లె?"

మీ బావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జవాబు కొట్టొద్దని నువ్వు రాసిన సంగతి ఆయనకు తెలుసు. "వినబడదు కదా" అన్నాడు.

కీ నొక్కాను. ఉన్నానని కొట్టాను. నా చెయ్యి మారలేదని, నీది కూడా మారలేదని కొట్టాను. ఆపకుండా, ఏడున్నర దాటేదాకా, ఏది తోస్తే అది కొట్టాను. నీ గదిలో హెడ్‌ఫోన్ బల్ల మీద ఉత్తగా మోగి ఉంటుంది.

పెద్దవాళ్ళు పిలిస్తే చిన్నవాళ్ళు పలకాలి కదా అన్నా.

తిరుమల